అప్పలస్వామి మోకాలు

“కుర్సీ మాట ఎత్తకమ్మా!”

అప్పలస్వామి గదమాయించేసరికి ఫిజియోథెరపిస్ట్ సుహాసినికి నవ్వొచ్చింది. నరసన్నపేటలో ఆమె క్లినిక్ తెరిచి నాలుగేళ్లయింది. నొప్పి తగ్గించమని ఏడ్చినవాళ్లేగానీ, నేల మీద కూర్చోబెట్టమని పోట్లాడినవాడు ఈయనొక్కడే.

పొలం గట్టు మీద కాలు జారి, కుడి మోకాలు మెలిపడి, లోపలి గుజ్జు చిరిగింది. స్కానింగ్ చూసిన పెద్ద డాక్టరు ఆపరేషన్ అక్కర్లేదు, కసరత్తు చేయించుకోమని ఇక్కడికి పంపాడు. ఆయన వెంట వచ్చిన భరణి పెళ్లికి ఇంకా మూడు నెలలుంది. ఆ రోజు పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడగాలన్నది అప్పలస్వామి పంతం.

“కుర్చీలో కూర్చుని కన్యాదానం చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు బాబాయ్.”

“ఆల్ల సంగతి యేరు. నాను కుర్సీలో కూకుంటే, మనసొప్పక దూరంగా కూకున్నాడంటారు మావోళ్లు. ఇంటి పరువు తీస్తన్నావని మా తమ్ముడు మాటలే మానీసినాడు. నాను గాకపోతే ఈ పిల్లకి పీటలెక్కీవోళ్లు ఇంకెవలున్నారు?”

ప్రేమపెళ్లి కాబోలు, కులం వేరై ఉంటుందనుకుంది సుహాసిని. పక్కనే నిలబడ్డ భరణి తల దించుకుంది.

“సరే, వినండి. గుజ్జుకి రక్తం సరిగా అందదు. అందుకే మానడం ఆలస్యం. అందాకా దాని బరువు తొడ కండ మొయ్యాలి. ఆ కండని గట్టిపరచడమే మన పని.”

“మోస్తాది. మోయించు.”

మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, పది అంకెలు లెక్కపెట్టేదాకా అదిమి పట్టాలి. తర్వాత కాలు వంచకుండా జానెడెత్తు లేపాలి. ముప్పైసార్లు చెయ్యమంటే నలభై చేసి, మోకాలు వాచిపోయి వచ్చి, తిట్లు తినేవాడు. వాపు తగ్గాక సుహాసిని ఆయన్ని మంచం నుంచి స్టూలుకి, స్టూలు నుంచి ముక్కాలిపీటకి దింపింది. ఒకరోజు ఆమె చూడకుండా నేల మీద కూర్చోబోయి, మోకాలు పట్టేసి, కెవ్వుమన్నాడు. దాంతో వారం రోజులు వెనకబడ్డారు. అయినా మర్నాడు ఠంచనుగా ఆటో దిగాడు.

“తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న రకం మీ నాన్న. ఇంత మొండివాణ్ని నేను చూళ్లేదమ్మా,” అంది సుహాసిని.

భరణి నవ్వి ఊరుకుంది.

ఇంకోరోజు కుట్లూడిన పాత మోకాలి పట్టీ ఒకటి తొడుక్కొచ్చాడు.

“ఇది పనికిరాదు బాబాయ్, కొత్తది కొనండి.”

“ఇది మా సినబాబుది. నా కొడుకు. కబడ్డీ ఆడీవోడు.”

“ఇప్పుడు ఆడట్లేదా?”

“లేదమ్మా,” అని దాన్ని విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

పెళ్లిరోజు రానే వచ్చింది. మంటపంలో ముందు వరస కుర్చీలు సగం ఖాళీ. తమ్ముడు గడప తొక్కలేదు. అప్పలస్వామి అటు చూడనే లేదు. భార్య జగ్గమ్మ భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. ఎడమ కాలు మడిచాడు. పళ్లు బిగించి కుడి కాలూ మడిచాడు. సుహాసిని ఊపిరి బిగబట్టి చూస్తోంది. జగ్గమ్మ నీళ్లు పోస్తుంటే పెళ్లికొడుకు ఉపేంద్ర పాదాలు రెండూ కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నాడు. భరణి చేతిని అతని చేతిలో పెట్టేదాకా కదల్లేదు. సుహాసినికి గర్వంతో కళ్లు చెమర్చాయి.

తంతు అయ్యాక వెళ్లి చెయ్యి అందించింది. లేస్తుంటే పంచె కింద ఆ పాత పట్టీ కనిపించింది.

“గెలిచారు బాబాయ్! చినబాబు ఏడీ? ఇవాళైనా చూద్దామనుకున్నా.”

“ఆడు పోయి మూడేళ్లమ్మా. బైకు ఏక్సిడెంటు.”

సుహాసిని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అయ్యో, చెల్లెలి పెళ్లి కళ్లారా చూసుకోలేకపోయాడే!”

అప్పలస్వామి వంగి పట్టీ సవరించుకున్నాడు.

“సెల్లెలు కాదమ్మా, భరణి నా కోడలు.”