రెండో మనిషి

"ఒక్కరే వస్తే పర్మిట్ ఇవ్వం మేడమ్. కొండెక్కాలంటే కనీసం ఇద్దరుండాలి."

గుమస్తా ఆ మాట అనడం అది మూడోసారి. అంటూ కౌంటర్ అద్దం మీద అతికించిన కాగితాన్ని వేలితో కొట్టి చూపించాడు.

ఎదురుగా ఉన్న అమ్మాయి సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ఇద్దరూ కలిసి జారిపడితే ఏం చేస్తారని అడిగింది. ఒకరు సగం దారిలో అలిగి వెనక్కొచ్చేస్తే రెండోవాళ్ళ పర్మిట్ ఏమవుతుందని అడిగింది.

గుమస్తా తాపీగా టీ తాగాడు.

నిజానికి అక్క తోడు రావాల్సింది. తీరా బయల్దేరే రోజున జ్వరమంది. టెస్టర్‌కి రేపటితో సెలవు ఆఖరు. ఈ వారం దాటితే మంచు పడి దారే మూసేస్తారు.

కిందటేడు స్కూటర్ మీంచి పడితే మోకాలికి ఆపరేషనయింది. ఇక మెట్లు కూడా చూసుకుని ఎక్కమన్నాడు డాక్టర్. అమ్మయితే అప్పట్నుంచీ ఆమెని గాజుబొమ్మలా చూస్తోంది. పైన కనుమ దాకా నడిచి, అక్కడ నిలబడి ఫొటో పంపితే తప్ప ఆ భయం వదిలేలా లేదు. అమ్మకీ, తనకీ.

"ఏ పనీపాటా లేనివాళ్ళు పెట్టారో ఈ రూలు," అంది విసుగ్గా.

"ఎవరో అలాంటివాళ్ళే అయ్యుంటారులే అమ్మా."

వెనక బెంచీ మీంచి వచ్చిందా మాట. చూస్తే అమ్మ వయసావిడ. ఉన్ని టోపీ, అరిగిపోయిన బూట్లు, ఒళ్ళో కమలాపండు తొక్కలు.

"నేనూ ఒక్కదాన్నే. నీతో వస్తాను, ఇద్దరమవుతాం. కాకపోతే నాకు ఆయాసం. నీ అంత చురుగ్గా నడవలేను మరి."

"పర్లేదాంటీ, నేను చూసుకుంటా."

"ఆంటీ ఏవిటి, చక్కగా పిన్నీ అను."

గుమస్తా వెంటనే రెండు ముద్రలు కొట్టాడు.

ఆయాసమంటే ఏమిటో కొండెక్కడం మొదలుపెట్టాక తెలిసింది. మలుపు మలుపుకీ పిన్ని నడుం మీద చెయ్యేసుకుని ఆగిపోయేది. "ఆగవే అమ్మాయ్, ఊపిరందట్లేదు," అంటూ రాతి మీద కూలబడేది. తీరిగ్గా కమలాపండు ఒలిచి సగం చేతిలో పెట్టేది.

ఈ లెక్కన కనుమ చేరేలోపు నేను రిటైరైపోతాను, అనుకుంది టెస్టర్. పైకి మాత్రం, తొందరేం లేదు పిన్నీ అంటూ చెయ్యిచ్చి లేపేది. దారి పొడుగునా ఆ రూలుని తిడుతూనే ఉంది. పిన్ని వింటూ, గింజలు ఉమ్ముతూ, నవ్వుతూ నడిచింది.

కనుమకి కాస్త కింద గులకరాళ్ళు జారాయి. టెస్టర్ మోకాలు మడతబడింది. పక్కనే లోయ.

పిన్ని చెయ్యి ఆమె జబ్బని ఉడుంపట్టు పట్టింది.

ఇంత ఆయాసపు మనిషికి అంత పట్టెక్కడిదని టెస్టర్ ఆశ్చర్యపోయేలోపే పిన్ని మళ్ళీ కూలబడి రొప్పసాగింది.

పైన గాలి చెవులు కోసేస్తోంది. ఇద్దరూ నవ్వుతూ దిగిన ఫొటో అమ్మకి వెళ్ళింది. పక్కనున్నదెవరే అని అమ్మ అడిగితే, "దారిలో దొరికిందమ్మా. పాపం ఆయాసం మనిషి, నేనే ఎక్కించా," అని జవాబిచ్చింది.

దిగొచ్చాక పర్మిట్లు అప్పజెప్పి వెనక్కి తిరిగేసరికి పిన్ని లేదు.

మర్నాడు బస్సుకి ముందు ఒక సంచీడు కమలాపళ్ళు కొనుక్కుని మళ్ళీ ఆఫీసుకెళ్ళింది. ఆయాసం పిన్ని ఎక్కడుంటుందని గుమస్తాని అడిగింది.

"ఆయాసమా? ఆవిడ మేకలకంటే ముందు పైకి చేరుతుంది మేడమ్. నిన్న మీరిక్కడ ఒక కాలి మీదే బరువేసి నిలబడ్డారుగా, చూసుంటుంది. ఒకళ్ళతో ఆయాసమంటుంది, ఇంకొకళ్ళతో బూటు కరుస్తోందంటుంది. ఎవరికేది కావాలో అది. ఒంటరిగా ఎవరొచ్చినా రెండో మనిషి ఆవిడే."

కిటికీలోంచి మొదటి మలుపు కనిపిస్తోంది. అక్కడ ఉన్ని టోపీ ఒకటి నడుం మీద చెయ్యేసుకుని ఆగి ఉంది. పక్కన బొద్దుగా ఉన్న పెద్దాయనెవరో, తొందరేం లేదన్నట్టు చెయ్యూపుతున్నాడు.

బయట బస్సు హారన్ కొట్టింది.

టెస్టర్ కమలాపళ్ళ సంచీని బెంచీ మీద, ఆవిడ కూర్చునే చోట పెట్టింది. అమ్మకి మెసేజ్ కొట్టింది. "నిన్న తప్పు చెప్పానమ్మా. ఎక్కించింది నేను కాదు."

గుమ్మం దగ్గర ఆగి, అద్దం మీది కాగితాన్ని చూసింది.

"ఊరికే తిట్టాను గానీ, ఇది లేకపోతే ఆవిడ నాకు దొరికేదే కాదు. ఈ రూలు పెట్టినవాళ్ళెవరో గానీ దణ్ణం పెట్టాలండీ."

గుమస్తా టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఆ మలుపు వైపు తిరిగి పెట్టండి మేడమ్. వాళ్ళబ్బాయి ఒక్కడే పైకెళ్ళి తిరిగి రాకపోతే, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఈ రూలు పెట్టించింది ఆవిడే."