తిమ్మరాయప్ప చెప్పిన లెక్క

గిరిధర్ స్టూలెక్కి గోడలోంచి స్విచ్‌బోర్డు తీసేస్తున్నాడు. చేత్తో కాదు, లెక్కలోంచి. కిటికీని నిన్ననే తీసేశాడు. తలుపు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. తలుపు తెరిచి ఉన్నంతసేపూ దాని వెనక గోడ కనబడదు కదా, మరి దానికి రంగు వేయడం న్యాయమా?

కింద స్టూలు పట్టుకుని నిలబడ్డ భార్య వరూధిని, "ఎన్ని లీటర్లో చెప్పండి, చాలు" అంది.

"చెప్తా. తొందరపడితే టైల్స్‌లాగే అవుతుంది."

ఆమె ముందు టైల్స్ మాట ఎత్తకుండా ఉండాల్సింది. బాత్రూముకి టైల్స్ లెక్కగట్టింది అతనే. మిగిలినవాటితో ఇంకో బాత్రూము కట్టొచ్చు, కాస్త పెద్దదే. ఆ అనుభవంతో కర్టెన్ల గుడ్డ పొదుపుగా తెచ్చాడు. ఇప్పుడు కిటికీలన్నీ బనియన్లు తొడుక్కున్నట్టు ఉన్నాయి.

"ఇదే లాస్ట్ చాన్స్" అంది వరూధిని. "పెయింట్ కూడా తప్పారనుకోండి, ఇంక ఈ ఇంట్లో ఏదీ మీరు డిసైడ్ చేయొద్దు. మా లలిత్ చూసుకుంటాడు."

లలిత్ ఆమె తమ్ముడు. అత్తిబెలెలో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఆదివారం ఆదివారం బొమ్మనహళ్లిలో ఉన్న అక్క ఇంటికి భోజనానికొస్తాడు. వచ్చేటప్పుడు జేబులో కొలత టేపు పెట్టుకొస్తాడు. బావ అధికారం ఎప్పుడు ఊడుతుందా అని అన్నం తింటూనే కనిపెట్టుకుని ఉంటాడు.

అది డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్న ఏడాది. గిరిధర్ ఆఫీసులో ప్రాజెక్టు ఏదీ లేకపోవడంతో, మేడమీద కొత్తగా కట్టించిన ఈ గదే ప్రాజెక్టు అయింది. తోటి ఇంజినీర్లందరూ ఎక్సెల్‌లో తలో లెక్కా వేసిచ్చారు. అందరివీ దశాంశాల దాకా కచ్చితంగా ఉన్నాయి. తేడా అంతా లీటర్లలోనే.

చివరికి గిరిధర్‌కి తిమ్మరాయప్ప గుర్తొచ్చాడు. వీధి చివరింటి పెద్దాయన, మాట్లాడే తెలుగులో సగం కన్నడమే. బళేపేటలో తాతలనాటి రంగుల దుకాణం నడిపి, కొడుకులకి అప్పజెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాడు. గోడ ముందు నిలబడి ఒక మాట చెబుతాడనీ, ఆ మాట తప్పిందే లేదనీ వీధిలో చెప్పుకుంటారు. తప్పిందేమో చూద్దామని కొలిచినవాళ్లు కూడా లేరు.

ఆదివారం ఆయన వచ్చాడు. మెట్లెక్కి ఆయాసం తీర్చుకున్నాడు. గది మధ్యలో నిలబడి నెమ్మదిగా చుట్టూ చూశాడు. పిల్లవాడికి జ్వరం ఉందేమో చూసినట్టు గోడ మీద అరచెయ్యి పెట్టాడు. లలిత్ టేపు సగం లాగి సిద్ధంగా ఉన్నాడు.

గిరిధర్ గొంతు సవరించుకుని, "పెయింట్ ఎంత పడుతుంది సార్?" అన్నాడు.

"సున్న సాలప్పా."

గిరిధర్ తన లెక్కల కాగితం వంక చూసుకున్నాడు.

"సున్ననా సార్?"

"ఊఁ, సున్న. కొత్త గోడ గదా. పెయింటు ఇప్పుడొద్దు. ఒగ యేడు పోనీ, ఆమీద చూద్దాం."

కాఫీ తాగి వెళ్లిపోయాడు. లలిత్ చేతిలో టేపు తనంతట తానే సర్రున లోపలికి పోయింది.

గిరిధర్ స్టూలు మీద కూలబడ్డాడు. ఎంత కావాలని ఇన్నాళ్లూ కుస్తీ పట్టాడు గానీ, అసలు కావాలా అని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇంజినీరింగులో ఎవరూ చెప్పని పాఠం ఇది. వరూధిని సిమెంటు గోడ వంకే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి, "ఏవండీ, ఇందులో మబ్బులున్నాయి" అంది.

ఉన్నాయి. చూస్తే అందరికీ కనబడ్డాయి, సంగతి విని చూడ్డానికొచ్చినవాళ్లకి కూడా. మధ్యాహ్నపు ఎండ పడితే గోడ వెండిలా ఉందని ఒకరు, వాన వచ్చే ముందు ఆకాశంలా ఉందని ఇంకొకరు అన్నారు. పక్కింటి సమీనా చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చింది. ఇది ఏ షేడు అని గుసగుసగా అడిగింది. షేడు కాదనీ, సున్న అనీ వరూధిని అంతకన్నా మెల్లగా చెప్పింది. సమీనా ఇంటికెళ్లి, మొన్ననే హాల్లో వేయించిన లేత గులాబీ రంగు గీకించడం మొదలుపెట్టింది.

వచ్చినవాళ్లందరూ గోడకి ఆనుకుని కూర్చుని, వీపుకి సిమెంటు పూసుకుని వెళ్లేవాళ్లు. దులుపుకుంటే ఏమనుకుంటారోనని అలాగే బస్సెక్కేవాళ్లు. ఆఫీసువాళ్లు కూడా వచ్చి నిలబడి చూశారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. దుమ్మువల్ల అయి ఉండొచ్చు, ఎవరూ అడగలేదు.

లలిత్ టేపు తేవడం మానేశాడు. పైగా అత్తిబెలెలో తను కొంటున్న ఇంటికి ఏమేం అవసరమో ఒకసారి చూసి చెప్పమని బావని బతిమాలాడు. గిరిధర్ వెళ్లి, గది మధ్యలో నిలబడి, నెమ్మదిగా చుట్టూ చూసి, సోఫా వద్దన్నాడు. లలిత్ చేతులు కట్టుకుని విన్నాడు.

ఆ రాత్రి వడ్డిస్తూ వరూధిని, వంటింటి అలమర సంగతి కూడా మీరే డిసైడ్ చేయండి అంది. పెళ్లయ్యాక ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. గిరిధర్ మారు అన్నం పెట్టించుకున్నాడు.

ఇంత చేసినాయనకి ఏదైనా చేయాలనిపించింది ఇద్దరికీ. శాలువా, పళ్లు తెచ్చి మరుసటి ఆదివారం తిమ్మరాయప్పను పిలిచారు. గది నిండా జనం. సమీనా ముందు వరసలో కూర్చుంది. లలిత్ పెద్దాయన్ని చెయ్యి పట్టి మెట్లెక్కించాడు. గిరిధర్ శాలువా కప్పి, మీ ఒక్క మాటతో మా కళ్లు తెరుచుకున్నాయనీ, ఇంకో మాట చెబితే విని తరిస్తామనీ అన్నాడు.

తిమ్మరాయప్ప నాలుగు గోడలూ చూశాడు. వేలితో ఒకదాన్ని రాసి, వేలికంటిన బూడిద రంగు వంక చూసుకుని, గిరిధర్ వైపు తిరిగాడు.

"గోడలకి సున్న ఇంకా కొట్టలేదేమప్పా?"