దిద్దకూడని ప్లాను

"ఆ కాగితం ఇలా ఇవ్వు బావా! అందులో ఒక్క ముక్క కూడా సరిగ్గా లేదు," అంటూ బావమరిది చెయ్యి చాచాడు.

దర్జీ కాగితాన్ని గుండెకు అదుముకున్నాడు. "నువ్వు దిద్దకు. దిద్దావంటే గది బయటికి పంపించేస్తాను."

ఇద్దరి మధ్యా ఆసుపత్రి మంచం మీద దర్జీ భార్య కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఆవిడ లెక్కల టీచరు. ఈ శరత్కాలం సెలవుల్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ కారేసుకుని ఎడారిలోని రాతి లోయలు చూసి రావాలనుకున్నారు. అటక మీది సూట్‌కేసు దించబోయి ఆవిడ నిచ్చెన మీంచి పడింది. తలకు దెబ్బ. పదకొండు రోజులైంది. ఊపిరి తనంతట తనే తీసుకుంటోంది, అంతే. పిలిస్తే పలకదు, గిల్లితే కదలదు. సాయంత్రం అయిదింటికి పెద్ద డాక్టరు వస్తాడు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే వెనకవైపు వార్డుకు మార్చేస్తామని పొద్దున్నే చెప్పేశాడు. ఆ వార్డుకు వెళ్ళినవాళ్ళు లేచి నడిచి రావడం అక్కడి ఆయాలు కూడా ఎప్పుడూ చూడలేదట.

ఆవిడతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమని చెప్పింది కూడా ఆ డాక్టరే. అందుకని దర్జీ మూడు రోజులుగా ప్రయాణం ప్లాను చదివి వినిపిస్తున్నాడు.

"మొదటి రోజు తొమ్మిది వందల కిలోమీటర్లు," దర్జీ గొంతు సవరించుకున్నాడు. "అయిదు గంటల్లో చేరిపోతాం."

"కారా, విమానమా?"

"నోర్ముయ్! రెండో రోజు మిట్టమధ్యాహ్నం నడక మొదలు. ఇద్దరికీ కలిపి ఒక సీసా నీళ్ళు. మబ్బు పడితే ఇరుకు లోయ అడుగుకు దిగి కూర్చుంటాం."

"కొట్టుకుపోతారు బావా! ఎక్కడో కొండ మీద వాన పడినా వరదంతా ఆ సందులోంచే వస్తుంది."

సెలైన్ సీసా మారుస్తున్న నర్సు కూడా ఉండబట్టలేకపోయింది. "నిజమేనండీ. పైగా ఎడారిలో ఒక్క సీసా ఏ మూలకి? మనిషికి నాలుగైనా..."

దర్జీ రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను. మీరు దిద్దకండి."

బావమరిది ఆయన్ని రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. "నీకేమైనా మతి పోయిందా? చావడానికి వేసిన ప్లానులా ఉంది!"

"మతి ఉండే రాశాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చెప్పిన తప్పు ఒక్కటి కూడా మీ అక్క వదల్లేదురా. జ్వరంతో మూలుగుతూ కూడా నా లెక్క సరిచేసింది. తప్పు వింటే ఊరుకోలేదు తను. ఇవాళ కూడా ఊరుకోదు." దర్జీ చేతిలోని కాగితం మడతలు సాపు చేశాడు. "మధ్యలో నువ్వే దిద్దేస్తే ఇక తనెందుకు లేస్తుంది?"

బావమరిది కళ్ళు తుడుచుకుని, మంచం దగ్గరికి వెళ్ళి, అక్క చెవి దగ్గర వంగాడు.

"అక్కా, ఏడెనిమిదులు యాభై నాలుగు!"

ఇద్దరూ ఆమె పెదాల వంకే చూశారు.

"ఎడారిలో రాత్రిళ్ళు ఒకటే ఉక్కపోత, దుప్పట్లు దండగ," అన్నాడు దర్జీ.

"సూర్యుడు అస్తమించేది ఉత్తరాన," అన్నాడు బావమరిది.

"త్రిభుజానికి నాలుగు భుజాలండీ టీచరుగారూ," అంది నర్సు, ఒకసారి తలుపు వంక చూసి.

గడియారం నాలుగు దాటింది, నాలుగున్నర దాటింది. ముగ్గురూ వంతులు వేసుకుని నోటికొచ్చిన తప్పల్లా చెప్పారు. బావమరిది అయితే ఎక్కాలన్నీ తలకిందులు చేశాడు. మంచం మీది మనిషి కనురెప్ప కూడా ఆడించలేదు.

అయిదింటికి పెద్ద డాక్టరు వచ్చాడు. టార్చి వేసి కళ్ళు చూశాడు, గోరు నొక్కాడు, పేరు పెట్టి రెండుసార్లు గట్టిగా పిలిచాడు. చివరికి దర్జీ భుజం తట్టి, "రేపు పొద్దున్నే మార్చేద్దాం. మీరు చెయ్యగలిగిందంతా చేశారు," అని వెళ్ళిపోయాడు. నర్సు తల దించుకుని ఆయన వెంట నడిచింది.

దర్జీ స్టూలు మీద కూలబడ్డాడు. ఆ తప్పుల కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపి, బావమరిది చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, చొక్కా జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఇందులో తప్పుల్లేవోయ్," అన్నాడు భార్యతో. "నువ్వు పడకముందు వారం రోజులు కూర్చుని రాసింది. నీకు చూపించి మెప్పు కొట్టేద్దామనుకున్నాను. ఈ ఒక్కసారీ విను, ఇక నిన్ను విసిగించను."

చదవడం మొదలుపెట్టాడు. "రోజుకు నాలుగు వందల కిలోమీటర్లకు మించి కారు నడపం. మనిషికి నాలుగు సీసాల నీళ్ళు. నీ మోకాళ్ళకి ఇబ్బంది లేని నడకలే, నిటారుగా ఎక్కాల్సిన చోటు ఒక్కటీ లేదు. నాలుగో రోజు రాతి తోరణం. కారు ఆపిన చోటి నుంచి ఆరు కిలోమీటర్లు. గంటకి రెండు చొప్పున మూడు గంటల నడక. పొద్దున ఆరింటికి బయల్దేరితే, తోరణం చూసుకుని తొమ్మిదికల్లా కారు దగ్గరుంటాం. ఎండ ముదరకముందే..."

ఇక చదవలేక కాగితంలో మొహం దాచుకున్నాడు.

"బాగుంది బావా. ఎక్కడా వంక పెట్టడానికి లేదు," అన్నాడు బావమరిది ముక్కు ఎగబీల్చుకుంటూ.

"మూడు గంటలు... పోవడానికే," అంది మంచం మీంచి ఎండిపోయిన గొంతు. "తిరిగి రావద్దూ?"