ఏసీ రిమోట్

చంద్రుడి మీద కాలనీని ఏలే రాజు జనానికి గాలి కూడా పూటకింత అని కొలిచి వదులుతున్నాడు. టీవీ ముందు కూర్చున్న జిలానీకి ఒళ్లు మండిపోయింది.

"వీడు మనిషేనా? పీల్చే గాలి మీద కూడా వీడి పెత్తనమేంటి?"

పక్క సోఫాలో తేజస్విని తలూపింది. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో జిలానీ ఇంటి వెనకగదిలో అద్దెకుంటూ ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. ఈ సినిమా మొదటి రెండు భాగాలూ పోయిన రెండు ఆదివారాలు ఇక్కడే కూర్చుని చూసింది.

తెర మీద తిరుగుబాటుదారులు గొట్టం పగలగొట్టారు. గాలి వచ్చింది. అయినా జనం పీల్చకుండా కాపలావాడి వైపే చూస్తున్నారు.

"ఇంకా వాడి పర్మిషన్ ఎందుకమ్మా వీళ్లకి?" విసుక్కున్నాడు జిలానీ.

సినిమా అయిపోయింది. "నాలుగో భాగం వచ్చేవారం వేస్తారా అంకుల్?"

"నీకూ పిచ్చి పట్టిందే," మురిసిపోయాడు.

"సినిమా నాకు అర్థం కాదంకుల్. హాల్లో చల్లగా ఉంటుందని వస్తా. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు ఆ గదిలో నిద్ర పట్టట్లేదు."

మామూలుగానే అంది. జిలానీకి తలెత్తబుద్ధి కాలేదు. కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని ఆమె గది ఏసీ రిమోట్ తనే దాచి, రాత్రి తొమ్మిదికి ఇచ్చి పొద్దున్నే తీసేసుకుంటున్నాడు. ఆమెవి రాత్రి డ్యూటీలని తెలిసి కూడా.

జేబులోంచి రిమోట్ తీసి ఆమె ముందు పెట్టాడు.

తేజస్విని దాన్ని ముట్టుకోలేదు. గోడ గడియారం వైపు చూసి, తర్వాత అతని మొహంలోకి చూసింది.

"ఇంకా తొమ్మిది కాలేదు కదంకుల్."