తేట నీళ్ళు

మూడోసారి కూడా కడుపులోంచి దిగిన నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా వచ్చాయి.

అత్త ఆ నీళ్ళు దిగిన సంచి వైపు చూడలేదు. కోడలి చేతుల వైపు చూసింది.

"మళ్ళీ చీము పట్టింది. ఆ చేతులు ఎక్కడ పెట్టొస్తావో ఏమో."

"సబ్బుతో మూడుసార్లు కడిగానత్తా."

"కడిగితే వాడికి జ్వరమెందుకు?"

మంచం మీద కొడుకు గోడవైపు తిరిగాడు. కిడ్నీలు పోయాక రోజుకు నాలుగుసార్లు అతని కడుపులోకి మందునీళ్ళు ఎక్కించి దించేది భార్యే. ఇంకోసారి చీము పడితే కడుపులో పెట్టిన గొట్టం తీసేస్తానన్నాడు డాక్టరు.

పది రోజులకు నీళ్ళు తేటపడ్డాయి. ఆ వారమే ఆసుపత్రి ల్యాబు నుంచి ఒకాయన ఖాళీ సీసాతో వచ్చాడు.

"పొద్దున దించిన నీళ్ళు కొంచెం పోసివ్వమ్మా."

"బాగున్న నీళ్ళు నీకెందుకు నాయనా, మొక్కలకి పోస్తావా?" అంది అత్త.

"బాగున్నప్పుడే చూడాలమ్మా. క్రిములతో పోరాడే కణాలు కొందరి కడుపులో తక్కువ. వాళ్ళకి ఎంత శుభ్రంగా చేసినా మళ్ళీ మళ్ళీ వస్తుంది."

"సాకులు కూడా ఇంటికే తెచ్చిస్తున్నారు."

కోడలూ నమ్మలేదు. తన చేతుల మురికి పట్టుకోవడానికే పంపారనుకుంది. లోపలికి వెళ్ళి, వాడని కొత్త మందునీళ్ళ సంచి కత్తిరించి, ఆ నీళ్ళు పోసిచ్చింది.

మర్నాడు సీసాలాయన మళ్ళీ వచ్చాడు.

"ఒక్క కణం లేదమ్మా. ఇవి కడుపులోకి పోని నీళ్ళు. ఈసారి నిజమైనవి ఇవ్వు. నీ కోసమే అడుగుతున్నా."

దొరికిపోయిన సిగ్గు కోపమైంది.

"నా కోసం మీరేం అడగక్కర్లేదు," అని తలుపేసింది.

నాలుగోసారి జ్వరం వచ్చింది. గొట్టం తీశారు. పన్నెండో రోజున మనిషి పోయాడు.

"చేతులారా చంపుకుంది," అని పలకరించ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది అత్త.

నెల తిరిగాక కోడలు ల్యాబుకు వెళ్ళింది.

"సీసాలు పట్టుకెళ్ళే ఆయన ఉన్నారా? నా చేతుల తప్పు కాదని ఒక్క ముక్క చెప్తారేమోనని."

నర్సు కుర్చీ జరిపింది.

"సోమవారం పోయాడమ్మా. ఆయనకీ కడుపులో గొట్టమే. తనకి తానే ఎక్కించుకునేవాడు."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"భార్య ఉండేది. నీళ్ళు చెడినప్పుడల్లా ఆవిడ చేతుల్నే తిట్టి, ఒకరోజు బయటికి గెంటేశాడు. లోపం తన కడుపులోనే ఉందని పరీక్షలో తేలేనాటికి, చెప్పుకోవడానికి ఆవిడ బతికి లేదు."