కంపెనీ మీద కట్టు

"కట్టు వెయ్యాల్సిందే మావయ్యా. ఇంకేం చెప్పినా నేను వినను," అంది మాధవి.

కోడూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె. రామాలయం అరుగు మీద కులపెద్ద యలమంద, చుట్టూ ఊరి జనం. ఆ పల్లెలో కట్టు పడిందంటే ఆషామాషీ వ్యవహారం కాదు. వేటకు వద్దంటే ఒక్క పడవ కదలదు. ఫలానా వ్యాపారికి సరుకు అమ్మొద్దంటే అతనికి రొయ్యపొట్టు కూడా పుట్టదు. తప్పినవాళ్ళకు జరిమానా, పైగా నలుగురిలో నిలబెట్టి చివాట్లు.

"చేపల షావుకారు మీద వేశాం, ఐసు ఫ్యాక్టరీ మీద వేశాం. కంప్యూటర్లో ఉండే కంపెనీ మీద ఎలాగమ్మా?" అన్నాడు యలమంద.

"వాళ్ళ సైటు ఎవరూ తెరవకూడదు. తెరిచేవాళ్ళే లేకపోతే కంపెనీ దివాలా తీస్తుంది."

మాధవి పంతమంతా వాళ్ళ మామ్మ పాపాయమ్మ కోసం. చిన్నకొడుకు పడవ తిరిగి రాని రోజు ఆవిడ ఒడ్డున కూలబడి ఏడుస్తుంటే ఎవరో ఫొటో తీశారు. అది ఎన్ని చేతులు మారిందో ఏమో, ఆ పెద్ద కంపెనీ దాన్ని తన చాటింగ్ ప్రకటనకు వాడుకుంది. కింద "బోరు కొడుతోందా? రండి, కబుర్లాడుకుందాం" అని రాసుకుంది. కోడూరు నెట్ సెంటర్ గోడ మీదా అదే పోస్టరు. బజార్లో కుర్రకారు ఆవిడను "బోరు మామ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. కన్నకొడుకు కోసం ఏడ్చిన ఏడుపు ఊళ్ళవాళ్ళకు నవ్వులాటైపోయింది. పాపాయమ్మ చేపల గంప దించేసి, ఆ బొమ్మ పోయేదాకా గడప దాటనంది.

"మెయిల్స్ పెట్టాను, పలకలేదు. ఇక మిగిలింది ఇదే," అంది మాధవి.

ఆ సాయంత్రమే దండోరా వేశారు.

సైటంటే ఏమిటో పల్లెలో సగం మందికి తెలియదు. అయినా కట్టు కట్టే. సూరయ్య నెట్ సెంటర్ ఉన్న వీధే మానేసి చుట్టూ తిరిగి వెళ్ళాడు. నాంచారమ్మ ఆ సెంటర్ ఓనరుకు పండుగప్ప చేప అమ్మనని మొహం మీదే చెప్పేసింది. ఇంటర్ రాసిన పిల్లలు రిజల్ట్స్ కూడా నెట్‌లో చూసుకోకుండా, తెల్లారి పేపరు వచ్చేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నారు. ఇంత నిష్ఠగా కట్టు పాటించడం యలమంద కూడా ఎప్పుడూ చూడలేదు.

మాధవి కూడా ఒళ్ళు దాచుకోలేదు. బందరులో కాలేజీ వదలగానే తిండి కూడా తినకుండా నెట్ సెంటర్‌కు పరుగెత్తేది. గుడివాడ వాళ్ళు, బెజవాడ వాళ్ళు, పేరు కూడా వినని ఊళ్ళ వాళ్ళు "మేమూ బహిష్కరిస్తున్నాం" అంటూ ఆమెతో చేతులు కలిపారు.

ఇంటికి రాగానే పాపాయమ్మ అడిగేది. "బొమ్మ తీశారా?"

"తీయిస్తాను మామ్మా. తీయించకపోతే నా పేరు మాధవే కాదు."

అలా చేతులు కలిపిన జనం లక్ష దాటిన రోజు మాధవి ఊరిని మళ్ళీ అరుగు దగ్గరికి పిలిపించింది. మంచి కబురేమోనని పాపాయమ్మ కూడా పైట చెంగు నెత్తిన కప్పుకుని వచ్చింది.

"లక్షమంది మావయ్యా. మనతో కలిసి లక్షమంది ఆ కంపెనీని వెలేశారు."

కుర్రాళ్ళు ఈలలు వేశారు. యలమంద కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మరి కంపెనీ దిగొచ్చిందా?"

"అదే అర్థం కావడం లేదు. బొమ్మ ఇంకా అలాగే ఉంది. ఇటు చూస్తే మన జనం పెరుగుతూనే ఉన్నారు. అయినా నేను వదలను."

సూరయ్య నోరు తెరిచాడు. "లక్షమందంటే మాటలా? అంత జనం ఎక్కడ కూడారమ్మా?"

"ఆ సైట్లోనే బాబాయ్. అందులో నేనొక గ్రూపు పెట్టాను. బహిష్కరించేవాళ్ళంతా రోజూ అక్కడికొచ్చి మాట్లాడుకుంటారు."

సూరయ్య యలమంద వైపు చూశాడు. పాపాయమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"జరిమానా వెయ్యరా యలమందా. ఊరంతా కట్టు మీదుంటే, రోజూ లక్షమందిని ఆ కంపెనీ గుమ్మంలోకి తోలుతున్నది నా మనవరాలే."