గోడ మీద చప్పుడు

మూడో పాట మొదలయ్యేసరికి గోడ అవతల నుంచి టక్, టక్ అని చప్పుడు.

స్రవంతి గబుక్కున వెళ్లి సీడీ ప్లేయర్ ఆపేసింది.

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆ అపార్ట్‌మెంట్‌కి ఒంటరిగా వచ్చి ఏడాది కాలేదు. విడాకులయ్యాక ఆమెకి ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. ఆఫీస్‌కి డ్రైవ్ చేసేది, వచ్చేది, పెరుగన్నం కలుపుకుని టీవీ ముందు కూర్చునేది. టీవీలో ఏం వస్తోందో తెలిసేది కాదు.

ఆ ఆల్బమ్ ఒక్కటే వేరు.

మాల్‌లో అట్ట మీది రంగులు చూసి కొనుక్కుంది. పాడింది ఎవరో అమ్మాయి, పేరు పలకడం కూడా కష్టం. అంతా కీబోర్డులు, మెషిన్ డ్రమ్ములు. మాటలు సగం అర్థం కావు. కానీ మూడో పాటలో బీటు ఎత్తుకుందంటే మొద్దుబారిన ఒంట్లోకి ఎక్కడి నుంచో ప్రాణం వచ్చేది. సాక్సులతో కార్పెట్ మీద గంతులేసేది. పట్టలేని సంతోషం.

సీడీ అయిపోయాక మళ్లీ మామూలే.

గోడ అవతల ఎవరుంటారో ఆమెకి తెలీదు. ఆ ఇంటి తలుపు బిల్డింగ్‌కి అటుపక్క. తెలుసుకోవాలనీ లేదు. తెలుగువాళ్లయితే "మీ హజ్బెండ్ ఎక్కడ పని చేస్తారమ్మా" అని మొదలెడతారు. ఆ ప్రశ్నకి భయపడి పప్పూ ఉప్పూ కూడా పక్క ఊరి ఇండియన్ స్టోర్‌లో కొనేది.

మర్నాడు సౌండ్ తగ్గించి పెట్టింది.

మళ్లీ టక్, టక్. ఈసారి ఇంకాస్త గట్టిగా.

ఆఫీస్‌లో విజయశ్రీకి చెబితే ఆమె కంగారుపడింది. "పాటలు ఆపెయ్. కంప్లైంట్ వెళ్తే రికార్డ్‌లో పడుతుంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నావు, నీకెందుకొచ్చిన గొడవ?"

స్రవంతి ఆపేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసింది గానీ, వైరు కాళ్లకి అడ్డం పడుతుంటే గంతులేం వేస్తుంది?

చిత్రమేమిటంటే, పాటలు ఆగినా చప్పుడు ఆగలేదు. ఆమె ఇంటికొచ్చి తలుపేసుకున్న కాసేపటికి టక్, టక్.

ఎన్నాళ్లకో ఆమెకి కోపం వచ్చింది. ఉన్న ఒక్క సంతోషాన్నీ లాక్కున్నది చాలక, ఇంకా ఏం కావాలట వీళ్లకి?

ముందు కంప్లైంట్ ఇచ్చినవాళ్లదే పైచేయి అనుకుని, తనే అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీస్‌కి వెళ్లి కంప్లైంట్ ఇచ్చింది.

ఆ సాయంత్రం నుంచి గోడ నిశ్శబ్దం.

స్రవంతి సౌండ్ పెంచి మరీ ఆల్బమ్ పెట్టుకుంది. రోజూ పెట్టుకుంది. ఎవరూ కొట్టలేదు.

కొన్ని వారాల తర్వాత, ఒక శనివారం పొద్దున ఎవరో బెల్ కొట్టారు. నలభై దాటిన మనిషి. గోడకి అటు పక్క ఇల్లు తమదేనని, సారీ చెప్పడానికి వచ్చానని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. వంటింట్లోంచి పోపు వాసన తగిలి ఆగాడు.

"తెలుగువాళ్లా? నా పేరు దామోదరండీ. ఆ గోడ కొట్టింది మా అమ్మ. తనది విజిటర్ వీసా, లీజులో పేరు లేదు. కంప్లైంట్ అనేసరికి భయమేసి అమ్మ చేతికర్ర తీసేశాం."

విజయశ్రీ భయపడినట్టే వీళ్లూ భయపడ్డారన్నమాట. స్రవంతికి మొహం చెల్లలేదు.

"పాటలు ఆవిడకి చిరాగ్గా ఉంటే కబురు చేయాల్సిందండీ. పూర్తిగా మానేసేదాన్ని."

"చిరాకా?" అన్నాడతను.

చలికాలంలో వాళ్లమ్మ రత్నంగారికి స్ట్రోక్ వచ్చిందట. మాట పడిపోయింది. ఒక చెయ్యి మాత్రం ఆడేది. భక్తి పాటలు పెట్టారు, పాత సినిమా పాటలు పెట్టారు. మొహం తిప్పి చూడలేదు. ఒక సాయంత్రం గోడ అవతల స్రవంతి పాట వినిపించింది. ఆవిడ మంచం పక్కనున్న చేతికర్ర అందుకుంది. సౌండ్ తగ్గితే పెంచమని కొట్టేది, పాట రాకపోతే పెట్టమని కొట్టేది.

"కర్ర తీసేశాక కూడా వినేదండీ. దుప్పటి మీద వేళ్లు కదిలేవి. మొన్న బుధవారం పోయింది. ఆ ఆల్బమ్ పేరేంటో చెబుతారా? ఇంట్లో ఒకటి ఉంచుకుందామని."

స్రవంతి లోపలికి వెళ్లి ప్లేయర్‌లోంచి సీడీ తీసింది. ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు. సీడీని జాగ్రత్తగా దాని అట్టలో పెట్టింది.

సీడీ అతని చేతిలో పెట్టి, ఉండబట్టలేక అడిగింది. "మరి మొదటిసారి, పాట బాగానే వినిపిస్తున్నప్పుడు కూడా కొట్టారు కదండీ, ఎందుకు?"

"గుడివాడలో అమ్మ కూచిపూడి టీచరండీ," అన్నాడు దామోదర్, "మీ పాటకి తాళం వేసేది."